రోలర్ మీద 110, బ్రోచర్‌లో 151



డాట్సన్ అనగానే మనవాళ్లకు డాట్సన్ గో, రెడీ గో గుర్తొస్తాయి. 2014 నుంచి మన రోడ్ల మీదికి వచ్చి, 2022లో ఆగిపోయిన చిన్న కార్లు అవి. నేనివాళ మాట్లాడబోయేది అదే పేరుతో యాభై ఏళ్ల కిందట అమెరికాలో పేరు మోగిన కారు గురించి. దాని పేరు డాట్సన్ 240 జెడ్. 1969 చివర్లో చూపించి, 1970 మోడల్‌గా అమ్మారు. పొడుగాటి బానెట్, రెండే సీట్లు, వరసగా ఆరు సిలిండర్లు, 2393 సీసీ ఇంజను. ధర 3,526 డాలర్లు. ఆ డబ్బుకి అంత కారు అప్పట్లో ఐరోపావాళ్లు ఎవరూ ఇవ్వలేకపోయారు. 1973లో తూర్పు ఆఫ్రికా సఫారీ ర్యాలీ గెలిచింది కూడా ఈ కారే. నడిపినాయన ఉగాండాలో పుట్టిన భారత సంతతి మనిషి, శేఖర్ మెహతా.

ఈ కారు బ్రోచర్‌లో శక్తి 151 హార్స్‌పవర్ అని ఉంటుంది, 5600 ఆర్‌పీఎం దగ్గర. ఇప్పుడు ఒకాయన అలాంటి కారును ముచ్చటపడి కొని, బాగుచేయించి, డైనో మీదికి ఎక్కించాడనుకోండి. డైనో అంటే కారు చక్రాలను రోలర్ల మీద తిప్పించి శక్తిని కొలిచే యంత్రం. కాగితం బయటికొస్తుంది. దాని మీద 110 అని ఉంటుంది. ఆయన మొహం మాడిపోతుంది. పక్కనున్నవాళ్లలో ఒకరు ఇంజను బోరుకొచ్చిందంటారు. ఇంకొకరు కార్బురేటర్లు మార్చమంటారు. మూడో ఆయన, ఆ యంత్రమే తప్పు చూపిస్తుంది, మా వీధి చివర ఇంకోటుంది పద అంటాడు.

ఇంజను బోరుకు రాకపోయి ఉండొచ్చు. యంత్రం కూడా నిజమే చెప్పి ఉండొచ్చు. అలాంటి కారు ఏ మార్పూ లేకుండా, నిండు ఆరోగ్యంతో ఉన్నా, చక్రాల దగ్గర 110 ప్రాంతంలో ఆగితే ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు. మరి మిగతా 41 ఎటు పోయాయి? వాటిలో సగం అసలు కారులోకి ఎక్కనేలేదు.

అమెరికాలో 1971 దాకా కంపెనీలు చెప్పుకున్నది ఎస్‌ఏఈ గ్రాస్ అనే లెక్క. ఎస్‌ఏఈ అంటే అక్కడి ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం. గ్రాస్ లెక్కలో ఇంజన్ని కారులోంచి విడిగా, పరీక్షాశాలలో ఒక స్టాండు మీద బిగిస్తారు. ఎయిర్ ఫిల్టర్ ఉండదు. కారుకుండే సైలెన్సర్ ఉండదు, పొగ హాయిగా బయటికి పోయే గొట్టం ఉంటుంది. రేడియేటర్ ఫ్యాను తిప్పే పని లేదు, ఆల్టర్నేటర్ బరువూ లేదు. టైమింగును ఎక్కడ పెడితే శక్తి ఎక్కువొస్తుందో అక్కడ పెట్టుకోవచ్చు. అలా వచ్చిన అంకె అబద్ధం కాదు, ఆ ఇంజను నిజంగానే అంత ఇచ్చింది. ఎటొచ్చీ అలాంటి ఇంజనుతో ఎవరూ రోడ్డెక్కరు.

1972 మోడళ్ల నుంచి అమెరికన్ కంపెనీలు నెట్ లెక్కకు మారాయి. అంటే ఫిల్టర్, సైలెన్సర్, ఫ్యాను, ఆల్టర్నేటర్ అన్నీ కారులో ఎలా ఉంటాయో అలాగే తగిలించి కొలవడం. దాంతో ఎంత గందరగోళమైందో షెవర్లే కార్వెట్‌లో చూడొచ్చు. అందులో ఎల్‌టీ-1 అనే ఇంజనుకు 1971లో 330 హార్స్‌పవర్ అన్నారు, 1972లో 255 అన్నారు. ఒక్క ఏడాదిలో 75 గుర్రాలు చచ్చిపోయాయని ఇప్పటికీ నిట్టూర్చేవాళ్లున్నారు. కానీ ఆ 1971 ఇంజనుకే కంపెనీ నెట్ లెక్క కూడా ఇచ్చింది, అది 275. అంటే నిజంగా తగ్గింది 20. మిగతా 55 కొలత మారడం వల్ల పోయినవి.

మన 240 జెడ్‌కు కూడా ఇదే జరిగింది. జర్మనీవాళ్ల డిఐఎన్ పద్ధతి మొదటినుంచీ ఇంజనుకు సామాన్లన్నీ తగిలించే కొలవమంటుంది. ఆ పద్ధతిలో ఈ ఇంజనుకు వచ్చింది 130 ప్రాంతం. అదిగో, 151లోంచి ఇరవై చిల్లర అక్కడే పోయాయి, చక్రాల దాకా రాకముందే. ఇంకో తమాషా ఏమిటంటే, 1975లో ఇదే కారుకు వారసుడిగా 280 జెడ్ వచ్చింది. ఇంజను 2.8 లీటర్లకు పెరిగింది, కార్బురేటర్ల స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. కంపెనీ చెప్పిన శక్తి 149. బ్రోచర్లు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, పెద్ద ఇంజను పెట్టి రెండు గుర్రాలు పోగొట్టుకున్నారనిపిస్తుంది. 151 గ్రాసు, 149 నెట్టు. ఈ సంగతి తెలియక పాత కారే గట్టిదని పందాలు కాసేవాళ్లకు కొదవలేదు.

మన పల్లెల్లో హెచ్‌పీ అంటే ఏమిటో ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. బోరుబావికి 5 హెచ్‌పీ మోటారు వేశామంటారు. మోటారుకున్న రేకు మీద రాసిన ఆ 5, షాఫ్టు దగ్గర లెక్క. పైపు కొసన పడే నీళ్లను కొలిచి శక్తి లెక్కగడితే ఎప్పుడూ 5 రాదు. పంపు కొంత, పైపులు కొంత, వంపులు కొంత తీసుకుంటాయి. అంతమాత్రాన రేకు మీద అబద్ధం రాశారని ఏ రైతూ అనడు. కారు దగ్గర మాత్రం మనం షాఫ్టు లెక్కనీ పైపు కొస లెక్కనీ ఒకే తక్కెడలో వేసి తగువులాడతాం.

ఇప్పుడు రోలర్ దగ్గరికి వెళ్దాం. రేడియోలో కాగితం చూపించలేను కాబట్టి, జరిగేది కాస్త వివరంగా చెబుతాను.

240 జెడ్‌లో ఇంజను ముందు, నడిచేవి వెనక చక్రాలు. వాటిని రోలర్ మీద కూర్చోబెట్టి, కారు ముందుకు దూకకుండా బెల్టులతో నేలకు బిగిస్తారు. ముందు ఒక పెద్ద ఫ్యాను పెడతారు, ఎందుకంటే కారు కదలదు, రేడియేటర్‌కు గాలి తగలదు. ఇంజను వేడెక్కేదాకా కాసేపు నడిపిస్తారు. తర్వాత నాలుగో గేరు. అమెరికాలో అమ్మిన కారుకు నాలుగే గేర్లు, ఆ నాలుగోది నేరుగా ఒకటికి ఒకటి తిరుగుతుంది. రెండు వేల ఆర్‌పీఎం దగ్గర కుదురుగా పట్టుకుని, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కేస్తారు. ఆరు వేలు దాటేదాకా కాలు ఎత్తరు. డిఫరెన్షియల్ నిష్పత్తి 3.364, టైరు ఒక చుట్టుకు సుమారు రెండు మీటర్లు. అంటే 5600 ఆర్‌పీఎం దగ్గర ఆ చక్రాలు గంటకు 190, 200 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటాయి, నాలుగు గోడల మధ్య, కారు ఉన్నచోటే ఉండి. టైరు కాలే వాసన గది అంతా నిండుతుంది. పదేళ్లు దాటిన టైర్లతో ఈ పని చేయనివ్వకూడదు. పాత కార్లకు చాలామంది టైర్లు అరిగాయా లేదా అనే చూస్తారు, వయసు చూడరు.

యంత్రం కొలిచేది ఏమిటి? రోలర్ అంచు దగ్గర ఎంత బలం పడింది, ఆ అంచు ఎంత వేగంతో కదిలింది. ఆ రెంటినీ గుణిస్తే శక్తి. దీనికి ఇంజను ఆర్‌పీఎంతో పనే లేదు. టార్క్ చెప్పాలంటే మాత్రం ఆర్‌పీఎం కావాలి. అందుకని ఇగ్నిషన్ వైరుకు ఒక క్లిప్పు తగిలించి ఇంజను తిరిగే వేగాన్ని పట్టుకుంటారు. యాభై ఏళ్ల వైరింగులో ఆ సిగ్నల్ ఒక్కోసారి తప్పుతుంది. అప్పుడు పవర్ గీత సరిగ్గానే ఉంటుంది, టార్క్ గీత పిచ్చిగా ఎగిరిపడుతుంది. అది ఇంజను రోగం కాదు, క్లిప్పు రోగం.

కాగితం సరైనదో కాదో చూసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. జేమ్స్ వాట్ లెక్క ప్రకారం ఒక హార్స్‌పవర్ అంటే 33,000 పౌండ్ల బరువును నిమిషంలో ఒక అడుగు ఎత్తడం. ఆ 33,000ను గణితంలోని పై (π) విలువకు రెట్టింపుతో భాగిస్తే 5252 వస్తుంది. టార్క్‌ను పౌండ్-అడుగుల్లో తీసుకుని, ఆర్‌పీఎంతో గుణించి, 5252తో భాగిస్తే హార్స్‌పవర్. అంటే సరిగ్గా 5252 ఆర్‌పీఎం దగ్గర రెండు అంకెలూ సమానం కావాలి. ఒకే కొలబద్ద మీద గీసినప్పుడు రెండు గీతలూ అక్కడే ఒకదాన్నొకటి దాటాలి. వేరే చోట దాటితే సిగ్నల్ తప్పయినా అయి ఉండాలి, లేదా టార్క్ న్యూటన్ మీటర్లలోనో, శక్తి కిలోవాట్లలోనో గీసి ఉండాలి. కొందరు యూరప్ యంత్రాల కాగితాలు చూసి కంగారు పడేది ఇక్కడే. అన్నట్టు ఐరోపావాళ్ల పీఎస్ మన హెచ్‌పీ కన్నా కాస్త చిన్నది. 735.5 వాట్లు ఒక పీఎస్, 745.7 వాట్లు ఒక హెచ్‌పీ. నూటికి ఒకటిన్నర కూడా తేడా లేదు, కానీ అమ్మేవాళ్లు ఎప్పుడూ పెద్ద అంకెనే పైకి చెబుతారు.

రోలర్లలో రెండు రకాలున్నాయి. ఒకటి బరువు రోలర్. దాని బరువెంతో ముందే తెలుసు. ఎంత త్వరగా వేగం పుంజుకుందో చూసి, అందుకు ఎంత శక్తి పట్టిందో లెక్కగడుతుంది. రెండోది బ్రేకు రోలర్. విద్యుత్తుతోనో నీళ్లతోనో రోలర్‌ను నిలదొక్కి పట్టి, ఇంజను దాన్ని ఎంత బలంగా తోస్తుందో చూస్తుంది. నీటి బ్రేకుతో ఇంజన్లను కొలిచే యంత్రాన్ని విలియం ఫ్రౌడ్ 1877లోనే ఇంగ్లండులో చేశాడు, ఓడల ఆవిరి ఇంజన్ల కోసం. అదే పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది.

బరువు రోలర్ మీద ఒక మోసం ఉంది. మోసం అనకూడదేమో, అది భౌతికశాస్త్రం. ఇంజను రోలర్‌ను ఒక్కదాన్నే వేగం పెంచడం లేదు, తన ఫ్లైవీల్‌ను, క్రాంక్‌ను, గేర్లను, చక్రాలను కూడా వేగం పెంచుతోంది. ఆ ఖర్చు కాగితం మీద కనబడదు. ఎవరైనా బరువైన ఫ్లైవీల్ తీసేసి తేలికదాన్ని వేయించి మళ్లీ పరీక్షిస్తే అంకె కాస్త పెరుగుతుంది. ఇంజను ఒక్క చుక్క పెట్రోలు కూడా అదనంగా కాల్చలేదు. కారు పికప్ నిజంగానే మెరుగవుతుంది, అది వేరే సంగతి. ఇంజను శక్తి పెరిగిందని మాత్రం అనకూడదు. బ్రేకు రోలర్ మీద స్థిరమైన వేగంతో పట్టి కొలిస్తే ఈ తేడా మాయమవుతుంది. పాత కార్లకు నేను బ్రేకు రోలరే మేలంటాను, దానికి ఇంకో కారణం కూడా ఉంది, అది తర్వాత చెబుతాను.

ముందు 15 శాతం లెక్క ఒకటుంది, దాని సంగతి తేల్చాలి. చాలాచోట్ల కాగితం మీద రెండు అంకెలు వేసిస్తారు. చక్రాల దగ్గర ఇంత, ఫ్లైవీల్ దగ్గర ఇంత. ఆ రెండోది ఎలా వచ్చిందని అడగండి. చక్రాల అంకెకు 15 శాతం కలిపామంటారు, లేదా 18, లేదా 20. ఎక్కడిదీ శాతం అంటే, అందరూ అంతే వేస్తారండీ అంటారు. 240 జెడ్ దగ్గర ఇది అతికినట్టు సరిపోతుంది. 130లో 15 శాతం పోతే సుమారు 110. అందుకే ఈ లెక్క జనంలో నిలిచిపోయింది. ఇప్పుడు అదే కారులో ఇంజన్ని బాగా పెంచి 260 చేశారనుకోండి. 15 శాతం అంటే 39 గుర్రాలు. గేర్‌బాక్సు అదే, డిఫరెన్షియల్ అదే, అందులోని ఆయిలూ అదే, టైర్లూ అవే. మొన్నటిదాకా 20 తిన్న సామాను ఇవాళ 39 ఎందుకు తింటుంది? పోయిన శక్తి ఎక్కడికీ పోదు, వేడిగా మారాలి. అదనంగా 14 కిలోవాట్ల వేడి గేర్‌బాక్సులోంచి, టైర్లలోంచి బయటికి రావాలి. అంత రాదు. పళ్ల మీద ఒత్తిడి పెరిగిన కొద్దీ రాపిడి కొంత పెరుగుతుంది, టైరు జారడం కొంత పెరుగుతుంది, అంతవరకు నిజం. ఆయిల్‌ను చిలకడానికి పట్టే శక్తి మాత్రం వేగాన్ని బట్టి ఉంటుంది, ఇంజను బలాన్ని బట్టి కాదు. శాతం లెక్క పెద్ద ఇంజన్లకు లేని గుర్రాలను అంటగడుతుంది.

కొన్ని యంత్రాలు ఇంతకన్నా మర్యాదగా చేస్తాయి. పరుగు అయ్యాక క్లచ్ తొక్కి, రోలర్‌ను దానంతటదే నెమ్మదించనిస్తాయి. ఎంత త్వరగా నెమ్మదించిందో చూసి, టైర్లు, డిఫరెన్షియల్ ఎంత అడ్డుపడుతున్నాయో లెక్కగట్టి కలుపుతాయి. ఊహ కన్నా ఇది నయం. కానీ అప్పుడు గేర్ల మీద ఇంజను బరువు లేదు కదా, బరువుతో ఉన్నప్పటి రాపిడి వేరు. పైగా బెల్టులు ఎంత గట్టిగా బిగించారు, టైర్లలో గాలి ఎంతుంది అన్నదాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. నా మటుకు నేను ఫ్లైవీల్ అంకెను చదవను. చక్రాల అంకె ఒక్కటి చాలు.

ఇక గాలి. పెట్రోలు ఇంజను పని గాలితోనే. గాలి పలచబడితే శక్తి తగ్గుతుంది. సముద్రం పక్కనున్న విశాఖలో గాలికి ఉండే ఒత్తిడి, అయిదు వందల మీటర్ల పైచిలుకు ఎత్తున్న హైదరాబాదులో ఉండదు, నూటికి ఆరు దాకా తగ్గుతుంది. అమెరికాలో డెన్వర్ నగరం ఒక మైలు ఎత్తున ఉంది. అక్కడ మన 240 జెడ్ చక్రాల దగ్గర 90 ఇస్తేనే గొప్ప. అందుకని అన్ని ఊళ్ల అంకెలనూ ఒక గాలికి మార్చి చెప్పే సవరణ లెక్కలు పెట్టుకున్నారు. ఎస్‌ఏఈ ఇప్పటి లెక్క 25 డిగ్రీల వేడి, 990 మిల్లీబార్ల పొడి గాలి అనుకుంటుంది. ఆ లెక్కన డెన్వర్ 90 సుమారు 110 అవుతుంది. ఎస్‌టీడీ అనే పాత సవరణ లెక్క చల్లటి, దట్టమైన గాలి అనుకుంటుంది కాబట్టి అంకె మరో నాలుగు శాతం పెరుగుతుంది. అదే పరుగు, అదే కారు, మెనూలో ఒక బటన్ మారిస్తే 110 కాస్తా 114. ఏ లెక్కో కాగితం మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది. ముందు ఆ మూల చదవాలి.

సవరణలోనూ మెలికలున్నాయి. వాతావరణ వార్తల్లో చెప్పే పీడనం సముద్రమట్టానికి మార్చి చెప్పేది. హైదరాబాదులో వార్తలు చూసి 1010 అని యంత్రంలో కొడితే తప్పు, అక్కడ నిజంగా ఉండేది 950 దగ్గర. ఇక ఉష్ణోగ్రత కొలిచే తీగ ఎక్కడ వేలాడుతోందో చూడండి. గది చల్లగానే ఉన్నా, ఆ తీగ రేడియేటర్ వేడి తగిలేచోట ఉండి 25కు బదులు 40 చూపిస్తే, పాపం ఇంజను వేడి గాలి పీలుస్తోందనుకుని యంత్రం మూడు శాతం ఎక్కువ కలిపేస్తుంది. మూడు గుర్రాలు ఊరికే వచ్చిపడతాయి. మూడేగా అనకండి. ఎయిర్ ఫిల్టర్ మార్చితే మూడు పెరిగిందని చూపించే కాగితాల వెనక చాలాసార్లు ఉండేది ఇలాంటిదే.

ఇంతకీ ఆ కాగితం ఎందుకు పనికొస్తుంది? చాలా పనికొస్తుంది, చివరి అంకెను వదిలేసి గీతను చదివితే. అదే రోలర్, అదే గేరు, అదే టైరు గాలి, అదే సవరణ లెక్క ఉంచుకుని, ఒక్క మార్పు చేసి మళ్లీ పరుగెత్తించి, రెండు గీతలను ఒకదాని మీద ఒకటి వేస్తే అప్పుడు కనబడేది కారు గురించిన నిజం. టార్క్ గీత మధ్యలో గుంట పడిందా? 240 జెడ్‌కు రెండు కార్బురేటర్లు ఉంటాయి, బ్రిటిష్ ఎస్‌యూ తరహావి. లోపల పిస్టన్ పైకి లేస్తూ, దానికున్న సూదితో పెట్రోలును కొలిచి వదులుతాయి. రెండూ ఒకేసారి తెరుచుకోకపోతే కింది వేగాల్లో గీత వంకరపోతుంది. పొగగొట్టంలో పెట్టిన సెన్సర్, గాలికీ పెట్రోలుకీ నిష్పత్తి ఎంతో రెండో గీతగా గీస్తుంది. పూర్తిగా తొక్కినప్పుడు 12.5, 13 మధ్య ఉంటే మంచిది. పైవేగాల్లో అది 15కు పోయి, అక్కడే శక్తి గీత చప్పబడిపోతే, పెట్రోలు పంపు అందించలేకపోతోందన్నమాట. నిష్పత్తి సరిగ్గా ఉండి, గీత మాత్రం రంపపు పళ్లలా ఊగుతుంటే, ఇంజను మిస్సింగ్ కొడుతోంది. ప్లగ్గులు, వైర్లు, డిస్ట్రిబ్యూటర్ చూడాలి. పాత డిస్ట్రిబ్యూటర్లలో స్ప్రింగులు సాగిపోయి, టైమింగు ముందే వచ్చేస్తుంది. ఒక స్ప్రింగు మారిస్తే మూడు వేల దగ్గర పోయిన టార్క్ తిరిగొస్తుంది, పై అంకె అరంగుళం కూడా కదలదు. ఊళ్లో నడిపేటప్పుడు మనిషికి తెలిసేది ఆ మూడు వేల దగ్గరి టార్కే. బ్రేకు రోలర్ మేలన్న రెండో కారణం ఇదే. కారును మూడు వేల దగ్గర స్థిరంగా పట్టి ఉంచుతుంది, మెకానిక్ అప్పుడే టైమింగు ఇటూ అటూ తిప్పి, అప్పుడే ఫలితం చూసుకోవచ్చు.

ఒక మాట మాత్రం కచ్చితంగా అడగాలి. పరుగుల మధ్య ఎంత సేపు ఆగారు? ఈ కారు బానెట్ కింద వేడికి కార్బురేటర్లలో పెట్రోలు మరిగిపోయే జబ్బుంది, 1973 మోడల్‌కు మరీ ఎక్కువ. మొదటి పరుగు కన్నా మూడోది తగ్గితే, మధ్యలో చేసిన మార్పు చెడిందని అనుకునే ముందు ఇంజను చల్లబడనివ్వాలి.

ఇవన్నీ కాదు, నాకు రోలర్ మీద నమ్మకమే లేదనేవారికి ఒక తూకం కాటా, ఒక గడియారం చాలు. అమెరికాలో పావు మైలు డ్రాగ్ పందాలవాళ్లు వాడే పాత సూత్రం ఒకటుంది. పావు మైలు చివర కారు వేగాన్ని గంటకు మైళ్లలో తీసుకుని 234తో భాగించి, దాని ఘనం తీసుకుని, మనిషితో సహా కారు బరువును పౌండ్లలో వేసి గుణిస్తే, ఇంజను శక్తి ఇంచుమించుగా వస్తుంది. 1970లో అమెరికన్ పత్రికలు ఈ కారును పరీక్షించినప్పుడు పావు మైలు చివర వేగం 85 మైళ్లకు అటూ ఇటూగా వచ్చింది. కారు బరువు 2,350 పౌండ్ల చిల్లర, మనిషిని, కొలిచే సామానును కలుపుకుంటే 2,550 నుంచి 2,650. లెక్క వేయండి, 122 నుంచి 127 మధ్య తేలుతుంది. కారు కొత్తగా షోరూంలోంచి వచ్చిన ఏడాదే, కంపెనీ 151 అని అచ్చువేసిన ఏడాదే.